గురుబారి విప్పిన కుళాయి

అనగనగా కొండల నడుమ పెద్ద నీళ్లు. ఎప్పటి మాటంటే, లాంచీ కూత వినబడితే మేకలు పలుపులు తెంపుకుని అడవిలో పడే రోజుల నాటి మాట. నీళ్లకి ఇవతల మూడు ఊళ్లు, అవతల ఒక ఆసుపత్రి. మధ్యన తిరగడానికి ఒకే ఒక్క లాంచీ.

ఆ లాంచీలో గురుబారి అనే ఆమె పనిచేసేది. మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు. లాంచీ అడుగున ఊరిన నీళ్లు తోడిపోయడం, బల్లలు తుడవడం, సరంగుకి టీ కాచడం, ఇవీ ఆమె పనులు. ఎక్కేవాళ్లకి ఆమె ముఖం తెలియదు, వంగిన వీపే తెలుసు.

లాంచీ నడిపే సరంగు పేరు తాతారావు. సముద్రపు ఒడ్డు మనిషి. ఇంజను సంగతి బాగా తెలిసినవాడే, వంక పెట్టడానికి లేదు. తెలియనిదల్లా చలి.

ఆ కొండల మీద చలి దొంగలాంటిది. పగలు ఎండ కాస్తుంది. ఏడాదికి ఏ రెండు మూడు రాత్రులో వచ్చి, గడ్డి మీద తెల్లగా పరుచుకుని, పొద్దెక్కేసరికి జాడ లేకుండా పోతుంది. అందుకే అక్కడి ఆడవాళ్లు చలికాలం సాయంత్రాలు పెరట్లో కుండలు ఒంపేసి బోర్లిస్తారు. మరిచిపోతే తెల్లారేసరికి నీళ్లు గడ్డకట్టి కుండ పగిలి ఉంటుంది.

ఒకనాడు సరంగు ఇంజనులో నీళ్లు పోస్తుంటే గురుబారి చూసింది.

"ఆ నీళ్లేటి బాబూ?"

"ఇంజను వేడెక్కకుండా. దీని కడుపు నిండా నీళ్లే తిరుగుతాయి."

"రాత్రి కూడా అందులోనే ఉంటాయేటి?"

"ఉండక ఎక్కడికి పోతాయే?"

"అయితే ఇదీ కుండే గదా బాబూ. ఇనప కుండ. బోర్లించలేం గానీ, అడుగున ఆ కుళాయి విప్పితే సాలు."

సరంగు నవ్వాడు. "బయట ఇన్ని నీళ్లు గడ్డకట్టడం లేదు, చెంబెడు నీళ్లు కడతాయా?"

"పెద్ద నీరు ఒకదాన్నొకటి కాసుకుంటాది బాబూ. సిన్న నీరు ఒంటరిది."

పోనీలే అని ఊరుకున్నాడు సరంగు. గురుబారి సాయంత్రం కుళాయి విప్పింది, పొద్దున్న బిగించి నీళ్లు పోసింది. ఆ ఏడు ఇంజనుకి ఏమీ కాలేదు.

రెండో ఏడు సరంగు విసుక్కున్నాడు. పొద్దున్నే నీళ్లు పోసి ఇంజను తిప్పేసరికి ఒక చుట్ట కాలేంత సేపు పడుతోంది. జనం గొణిగారు. దీని చాదస్తంతో చస్తున్నాం అన్నారు. గురుబారి మాత్రం సాయంత్రం కుళాయి విప్పింది, పొద్దున్న బిగించి నీళ్లు పోసింది. ఆ ఏడూ ఇంజనుకి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆమె చేసిన పని. ఏమీ కానిదాన్ని ఎవరు చూస్తారు చెప్పండి?

మూడో ఏడు పై అధికారి ఒకాయన పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. నీళ్లు పోసేదాకా ఆయనంతటివాడు ఆగాల్సి వచ్చింది. నానా మాటలూ అని, అవతలి ఒడ్డున దిగిపోయాడు. ఆయన దిగగానే సరంగు ఇనప తీగ తెచ్చాడు. కుళాయికి మూడు చుట్లు చుట్టి, పటకారుతో మెలిపెట్టాడు.

"ఇక దీని మీద చెయ్యి పడిందంటే నీ పని ఊడుతుంది" అన్నాడు.

అప్పటికి గురుబారి కూతురికి నెలలు నిండాయి. తొలి కాన్పు. మంత్రసాని కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, నా వల్ల కాదనీ, నొప్పులు రాగానే ఆసుపత్రికి చేర్చమనీ చెప్పింది. ముందే తీసుకెళ్తే నొప్పులు రానిదే మంచం ఇవ్వలేమని ఆసుపత్రివాళ్లు వెనక్కి పంపేశారు. ఇక గురుబారి ఆశంతా ఆ లాంచీ మీదే.

మూడు సాయంత్రాలు సరంగుని బతిమాలింది.

మొదటి సాయంత్రం, "తీగ విప్పు బాబూ" అంది. "ఈరోజు అంత చలి లేదులే" అన్నాడు.

రెండో సాయంత్రం, "నా పిల్లకి రేపో మాపో బాబూ" అంది. "ఈరోజు అంత చలి లేదులే" అన్నాడు.

మూడో సాయంత్రం కాళ్లు పట్టుకుంది. ఆ రోజు నిజంగానే ఎండ మండింది. సరంగు చొక్కా విప్పి బల్ల మీద ఆరేసుకున్నాడు. "ఉడికి చస్తుంటే చలంటావేమే" అన్నాడు.

ఆ రాత్రే చలి వచ్చింది.

తెల్లారేసరికి గడ్డి తెల్లగా ఉంది. కూతురికి నొప్పులు మొదలయ్యాయి. మంచం మీద మోసుకుని రేవుకి తెచ్చారు. సరంగు ఇంజను తిప్పాడు, కదలలేదు. మళ్లీ తిప్పాడు, కదలలేదు. మూడోసారి వంగి చూస్తే ఇంజను పక్క నిలువునా పగిలి ఉంది. చీలికలో మంచుగడ్డ కనిపించింది.

గురుబారి చేపలు పట్టే దోనెలో కూతుర్ని పడుకోబెట్టి, తనే తెడ్డు పట్టింది. లాంచీకి గంట దారి, దోనెకి ఒక పూట.

"అమ్మా, ఇంకెంత దూరం?" అని అడిగింది కూతురు.

"సగమయింది అమ్మీ."

"అమ్మా, ఇంకెంత దూరం?"

"దగ్గరికొచ్చేసాం అమ్మీ."

మూడోసారి కూతురు అడగలేదు. గురుబారి మాత్రం చెబుతూనే ఉంది. వచ్చేసాం అమ్మీ, వచ్చేసాం అమ్మీ అంటూ ఒడ్డు తగిలేదాకా తెడ్డు వేసింది.

సరంగు పైవాళ్లకి ఏం చెప్పాడో తెలుసా? రోజూ కుళాయి తిప్పి తిప్పి ఆవిడే ఇంజను పాడుచేసిందని చెప్పాడు. మూడు ఊళ్లూ నమ్మాయి. కడుపులో బిడ్డతో పోయిన కూతురి శవం ఇంట్లోంచి లేవకముందే గురుబారి పని పోయింది.

నెల తిరిగాక కొండ కింద నుంచి ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ వచ్చాడు. ఇంజను విప్పి చూశాడు. "కుళాయి నిక్షేపంలా ఉంది. లోపలి నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుమును చీల్చేశాయి. సాయంత్రం నీళ్లు వదలాలని చెప్పేవాళ్లే లేరా ఇక్కడ?" అని అడిగాడు.

సరంగు వంగి, కుళాయికి తాను చుట్టిన తీగ విప్పాడు.

సరంగు గురుబారి గుమ్మం ముందు నిలబడ్డాడు. "నీ మాటే నిజమైంది గురుబారమ్మా" అన్నాడు. పేరు చివర అమ్మ చేర్చడం అదే మొదలు.

"నా మాట నిజమని నాకు ముందే తెల్సు బాబూ. అది సెప్పడానికి వచ్చావేటి?" అని తలుపు వేసుకుంది.

మళ్లీ పనిలోకి రమ్మంటే రాలేదు. ఆ లాంచీ మళ్లీ ఎక్కి నీళ్లు దాటనూ లేదు. కానీ చలికాలం వస్తే చాలు, సాయంత్రానికి రేవుకొచ్చేది. కుళాయి విప్పి, ఆఖరి చుక్క పడేదాకా కూర్చుని వెళ్లిపోయేది. ఎందుకు వస్తున్నావని ఎవరో అడిగితే, "ఇంకెవరి పిల్లో ఉంటాది గదా" అంది. అలా చాలా ఏళ్లు తిరిగి తిరిగి, ఒక చలికాలం రాలేదు. వెళ్లి చూస్తే ప్రాణం లేదు.

ఇప్పటికీ అక్కడ చలికాలంలో ఆఖరి లాంచీ రేవు చేరాక ఎవరూ దిగరు. కుళాయి విప్పుతారు. ఆఖరి చుక్క పడేదాకా అధికారులతో సహా అందరూ నోరు మూసుకుని కూర్చుంటారు. తర్వాత "దిగుతున్నాం గురుబారమ్మా" అని చెప్పి దిగుతారు. రేవులో ఆమెకి రాయి నిలబెట్టి పసుపు రాశారు. బతికుండగా ఆమె మాట వినని వాళ్ల మనవలే రాస్తారు. చచ్చినవాళ్లు తీగ విప్పమని అడగరు కదా, మొక్కడం తేలిక.

ఆ రాయి పక్కన ఇంకో చిన్న రాయి ఉంది. అది కూతురిది. ఆ పిల్ల పేరేమిటని మూడు ఊళ్లలో ఎవర్ని అడిగినా చెప్పలేరు. ఆనాడు ఎవరూ అడగలేదు.