మద్దిలేటి బూట్లు

"అడిగినవాళ్లకు అడిగినంత మెత్తదనం ఇస్తే తప్పేముంది మాస్టారూ?" అని సువార్త అడిగింది. ఆ గొంతులో సందేహం కంటే నిష్ఠూరమే ఎక్కువగా ఉంది.

నంద్యాలలో పరుగు బూట్లకు అడుగున వేసే సోళ్లు తయారుచేసే జకరయ్య మాస్టారి దగ్గర ఆమె పనిలో చేరి ఏడాదిన్నర అయింది. ఇంకో పదిరోజుల్లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు పరుగు పరీక్ష ఉంది. మునెమ్మ అనే అమ్మాయికి వయసు దాటిపోతోంది. ఇదే ఆఖరి అవకాశం. పరిగెత్తితే మోకాలి కింద ఎముక సలుపుతోందని, మెత్తటి సోలు కావాలని వచ్చి బతిమాలుకుంది. సువార్త మూడు వారాలు తంటాలు పడి, మడమ కింద రెండు వేళ్ల మందాన ఫోము పెట్టి ఒక జత చేసింది. మునెమ్మ అవి తొడుక్కుని వాకిట్లో నాలుగు అంగలు వేసి, నొప్పి లేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. మాస్టారు మాత్రం ఆ జతను బల్ల మీదికి లాక్కుని "ఇప్పుడే ఇవ్వకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆయనకు చెప్పే అలవాటు ఎప్పుడూ లేదు.

ఈ పనివాళ్లది ఒక చిత్రమైన పద్ధతి. సోలు చేతికి రాగానే బొటనవేలితో పైనుంచి నొక్కుతారు. వేలు దిగితే మొహాలు వెలిగిపోతాయి. చేసేవాడూ నొక్కుతాడు, అమ్మేవాడూ నొక్కుతాడు, కొనేవాడూ నొక్కుతాడు, రేపు పరిగెత్తబోయేది ఆ బొటనవేలే అన్నట్టు. సువార్త కూడా తన జతను రోజుకు పదిసార్లు నొక్కి చూసుకుని మురిసిపోయింది. ఆమెను అనడానికి లేదు, అందరూ నేర్పింది అదే.

మాస్టారు స్కూటరు తీసి ఆమెను వెనక ఎక్కమన్నాడు. ఊరి చివర బియ్యం మిల్లు దాకా పోయి ఆపాడు.

గేటు పక్క రేకుల గదిలోంచి ముప్ఫై అయిదేళ్ల మనిషి ఒకడు లేచాడు. "మాస్టారూ, బాగుండారా! రాండి, రాండి" అంటూ ఎదురొచ్చాడు. ఆ నాలుగు గజాలు రావడానికి అతనికి చాలాసేపే పట్టింది. ఎడమ పాదం బయటి అంచు మీద పడుతోంది, అడుగడుక్కీ నడుము పక్కకు విరుగుతోంది. సువార్త చూడలేక మొహం తిప్పుకుంది. మాస్టారు తిప్పుకోలేదు.

"మద్దిలేటీ, ఈ అమ్మాయి నా దగ్గర పని నేర్చుకుంటోంది. నీ పరుగు సంగతి చెప్పు."

"చెప్పేదానికేముంది మా" అని అతను నవ్వాడు. "ఆరేళ్లాయ. పోలీసు ఉద్యోగానికి నాకు అదే ఆఖరు పరుగు. కాలు సలుపుతాందంటే మాస్టారే బూట్లు చేసిచ్చినాడు. దూది మీద పరిగెత్తినట్టుండె. నెల దినాలు నొప్పి అనే మాటే లేదనుకో. పరీక్ష దినం మూడో చుట్టు దాకా నేనే ముందు. మలుపు కాడ మడమ పక్కకు ఒరిగింది. ఒరుగుతాందని నా కాలికే తెలీలేదు మా! పటుక్కుమన్నాక తెలిసింది. రెండుసార్లు ఆపరేషన్ చేసినారు, కుదరలేదు."

అంత పెద్ద మాటను అతను నవ్వుతూనే చెప్పాడు. తిట్టుకుంటూ చెప్పినా సువార్త తట్టుకునేదేమో.

మద్దిలేటి లోపలికెళ్లి మేకుకు తగిలించిన సంచిలోంచి బూట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నెలరోజుల వాడకమే కదా, దాదాపు కొత్తగానే ఉన్నాయి. ఆమె ఎడమ బూటును గది ముందున్న బల్ల మీద పెట్టి, లోపల ఒక చెయ్యి దూర్చి బరువు మోపి, రెండో చేత్తో పక్కనుంచి నెమ్మదిగా నెట్టింది. బూటు బయటివైపుకు ఒరిగిపోయింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ఎదురు తిరగలేదు. మడమ కింద ఎత్తుగా పెట్టిన ఫోము ఒక పక్క అణిగి, పాదాన్ని తీసుకెళ్లి నేల మీద పారబోసేలా ఉంది. తను చేసిన జత మందం అంతకంటే ఎక్కువే. దాన్ని ఇన్ని రోజుల్లో ఒక్కసారైనా పక్కనుంచి నెట్టి చూడలేదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఎంత బాగుండాయో చూసినావా మా? మాస్టారి చెయ్యి అట్లాంటిది. నా కాలే బాగలేకపాయ" అని మద్దిలేటి బూట్లు తీసుకుని, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచి, జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. బయట లారీ హారన్ కొట్టింది. గేటు తియ్యడానికి అతను కుంటుకుంటూ వెళ్లాడు. డ్రైవరు ఇంకో రెండుసార్లు కొట్టాడు.

రోడ్డు మీదికి రాగానే సువార్త అడిగింది.

"తప్పు సోలుదని అతనికి చెప్పలేదా మాస్టారూ?"

"చెబుదామనే నెలకోసారి వస్తాను." ఆయన స్కూటరు తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తాళం ఆయన చేతిలోనే ఉంది.

"మరి మునెమ్మకు ఏం చెప్పను? రేపు పొద్దున్నే వస్తుంది. బాగున్నాయని ఏడ్చేసిందండీ ఆ పిల్ల."

మాస్టారు గేటు వైపు చూశాడు. లారీ లోపలికి పోయింది, మద్దిలేటి ఇంకా గేటు మూస్తూనే ఉన్నాడు.

"బాగున్నాయని అతనూ అంటున్నాడమ్మా, ఇప్పటికీ" అన్నాడు.