లేంగయ్యకట్టపై మొదటి రాయి

పూర్వం ఓరుగంటి ప్రభువులు ఆంధ్రదేశాన్ని ఏలుతున్న కాలంలో తూర్పు సముద్రతీరాన ముత్తెపురేవు అనే పట్టణం ఒకటి ఉండేది. చీనాంబరాలు, కర్పూరం, గంధపుచెక్క దిగే ఆ రేవుకు ఎరకనాయకుడు రక్షకుడు. ఆయన తన ఇరవైరెండవ యేట, పదకొండు నావలలో దండెత్తి వచ్చిన ఓడదొంగలను రేవు ముఖాననే నిలువరించి, ఎడమచేతి రెండు వేళ్లు పోగొట్టుకుని కూడా కత్తి దించకుండా పోరి గెలిచిన మహావీరుడు. నాటినుండి పట్టపువారు వలలు లాగేటప్పుడు ఆయన పేరుతోనే పదం ఎత్తుకునేవారు. పెండ్లిపందిట్లో తొలి తాంబూలం ఆయనకే వెళ్లేది. ఇరవై సంవత్సరాలు ఎడతెగకుండా ఇలాగే జరగడంచేత, లోకంలో ఇంకొక విధంగా జరిగే వీలుందన్న ఆలోచనే ఆయనకు కలగలేదు.

ఒక ఏడు వైశాఖంలో పెనుగాలికి చిక్కిన చీనా ఓడ ఒకటి రేవు బయటి ఇసుకమేటకు తగులుకుంది. వెదురుబద్దల తెరచాపలు చినిగి వేలాడుతున్న ఆ ఓడ దగ్గరకు తెప్పలు పంపించి, అందులోని ముప్పైమందినీ ఒడ్డుకు చేర్పించినవాడు ఎరకనాయకుడే. వారికి పెద్ద ల్యాంగ్ షూ అనే సేనాపతి. బక్కపలచని దేహం, నెరిసిన గడ్డం. చూడడానికి పాఠాలు చెప్పుకునే పంతులులా ఉన్నాడేగాని పన్నెండు వేల సైన్యాన్ని నడిపినవాడనిపించలేదు. వారితో వచ్చిన వర్తకుడొకడు ఇంతకుముందు ఈ రేవు ఎరిగినవాడు, తెలుగు తెలిసినవాడు కావడంచేత, నాయకుడి ఎదుట నిలబడి సేనాపతి కథ విన్నవించాడు.

ఎనిమిది నెలలు ముట్టడించిన ఒక కొండకోటను, ఆయుధం దించినవారి ప్రాణాలకు నాది పూచీ అని మాట ఇచ్చి, ల్యాంగ్ షూ లొంగదీసుకున్నాడట. కోట తలుపులు తెరిచిన మూడవనాడు, పసివారితో సహా అందరినీ సంహరించమని రాజశాసనం వచ్చిందట. అప్పుడాయన శాసనాన్ని కళ్లకద్దుకుని, సేనాపతి ముద్రికను గుడారపు స్తంభానికి కట్టి, ఆ జనాన్ని అడవిదారిన దాటించి, తనవెంట రాదలచినవారితో ఓడ ఎక్కాడట.

“మా ప్రభువు చేతికి చిక్కితే ఈయన తల నిలవదు. మీ నీడ కావాలి” అన్నాడు వర్తకుడు.

“శరణన్నవారిని సముద్రంలోకి తోయడం మా రేవు ఆచారం కాదు” అన్నాడు ఎరకనాయకుడు. చుట్టూ మూగిన జనం జయజయధ్వానాలు చేశారు. నాయకుడి మనస్సు ఉప్పొంగింది. ఆ జయధ్వానం తనకోసమేనని ఆయన అనుకున్న ఆఖరి రోజు అదే.

ల్యాంగ్ షూ పేరు నాలుక తిరగక జనం ఆయనను లేంగయ్య అన్నారు. ఆయన తన బలగం తిన్న తరువాతగాని తినేవాడు కాదు, వారు త్రాగిన తరువాతగాని నీరు ముట్టేవాడు కాదు. ఏడాది తిరిగేసరికి వచ్చీరాని తెలుగులో చేపలమ్మే ఆడవారితో పరాచికాలాడడం నేర్చాడు. ఇద్దరు పోట్లాడుకుని వస్తే ఇద్దరి మాటా పూర్తిగా విని, చివరకు ఏమీ చెప్పకుండా తలూపేవాడట. వారు చెప్పుకోవలసినదంతా చెప్పుకుని చల్లబడి, నవ్వుకుంటూ ఇళ్లకు పోయేవారు. తగవులు తీర్చడం అంతవరకూ ఎరకనాయకుడి పని. ఆయన చావడి ముందర జనం పలచబడింది.

నాయకుడి తల్లి ముప్పసాని ఒకనాడు భోజనం వడ్డిస్తూ, “ఆ లేంగయ్య కన్నతల్లి ఏ నోము నోచిందో నాయనా, అటువంటి బిడ్డను కన్నది” అన్నది. ఆమె మనస్సులో ఏ కల్మషమూ లేదు. ఎరకనాయకుడు మాత్రం చేతిలో ముద్ద విస్తట్లోనే విడిచాడు. చేయి కడుగుకుని లేచి, వేళ్లు లేని తన ఎడమచేతిని చాలాసేపు చూసుకున్నాడు.

మరుసటి శ్రావణ పౌర్ణమినాటి సముద్రపూజలో ఇంకొకటి జరిగింది. పట్టపువారి పెద్ద పోలయ్య తొలి తాంబూలపు పళ్లెం పట్టుకుని వచ్చి, జనం చూస్తుండగా, ఏ మరుపున చేశాడో, లేంగయ్య ముందర నిలిచాడు. లేంగయ్య వెంటనే రెండు చేతులా పళ్లెం అందుకుని, నాలుగడుగులు నడిచి, తలవంచి ఎరకనాయకుడికి సమర్పించాడు. జనానికి కన్నీళ్లు వచ్చాయి. ఎంత మర్యాద, ఎంత వినయం అని ఊరంతా చెప్పుకున్నారు. తాంబూలం పోయినా ఓర్చుకునేవాడేమోగాని, తనదైనది తనకు అతడి దానంగా వచ్చిందన్న తలపు ఎరకనాయకుడి గుండెలో నిప్పుకణికలా కూర్చుంది. ఆ ఆకువక్కలు ఆయన నమలలేదు. ఇంటికి పోయి పెరట్లో పారవేశాడు.

ఆ రోజులలో ముత్తెపురేవుకు ఉప్పెన భయం పెద్దది. పదేళ్లకో పన్నెండేళ్లకో కడలి పొంగి పేటలను ఊడ్చుకుపోయేది. లేంగయ్య తీరమంతా అడుగులతో కొలిచి, తమ దేశంలో నదులకు కట్టే తీరున ఊరికి ముందు కరకట్ట ఒకటి వేద్దామన్నాడు. జనం పలుగూ పారా పట్టి వెనుక నడిచారు. రెండు వేసవులలో మట్టికట్ట లేచింది. ఉత్తరపు కొసన, పాతకాలువ నోటిదగ్గర మాత్రం నేల మెత్తన కాబట్టి అక్కడ నల్లరాయి పడాలి. రెండు రోజుల బండిదారిలో ఉన్న కొండనుండి రాయి తెప్పించే అధికారం రేవునాయకుడిది. లేంగయ్య స్వయంగా వచ్చి అడిగితే, ఎరకనాయకుడు సరేనన్నాడు.

బండ్లు వచ్చాయి. ఎరకనాయకుడు బండివారి పెద్దను పిలిచి, రాయినంతా తన కావలిబురుజు దగ్గర దింపమన్నాడు. శత్రుభయం ఉన్నది, బురుజు ఎత్తు పెంచాలి అని జనానికి చెప్పాడు. అటువంటి భయం ఏదీ లేదు. ఎప్పుడో ఒకప్పుడు చిన్న పొంగుకు ఆ కొస కొట్టుకుపోతుందనీ, అప్పుడు లేంగయ్య పనితనం ఇంతేనా అని నలుగురూ నవ్వుతారనీ ఆయన ఆశ. అంతకు మించి ఆలోచించడానికి ఆయన మనస్సు ఒప్పుకోలేదు.

కార్తికమాసం ప్రవేశించాక ఒక ఉదయం ఆయన ఉత్తరపు కొసను చూడబోయాడు. రాయి పడవలసిన గండి కనబడలేదు. బలమైన దూలాలు, పలకలు వరుసలుగా దిగగొట్టి, నడుమ బంకమట్టి కూరి ఉంది. లేంగయ్య మోకాటిలోతు బురదలో నిలబడి మేకు కొడుతున్నాడు. ఇసుకమేటనుండి విడిపించి రేవులో కట్టివేసిన చీనా ఓడ ఉండవలసిన చోట నీరే ఉంది.

“ఓడ ఏదీ?” అన్నాడు ఎరకనాయకుడు.

“ఇదే” అన్నాడు లేంగయ్య, దూలం మీద చేయి వేసి.

“మళ్లీ నీ దేశం పోవాలంటే?”

లేంగయ్య నవ్వాడు. “రాయి రాలేదు. నాయకుడికి బురుజు కావాలి. కట్టకు ఓడ చాలు.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అయినా అతడికి అంతా తెలుసునని నాయకుడికి బోధపడింది. “ఎవరితోనైనా అన్నావా?” అని అడిగాడు.

“ఎవరితో అనాలి? అంటే వీళ్లు రేపు నీ మాట వినరు. కడలి వచ్చిననాడు వీళ్లు వినవలసింది నీ మాటే. నా తెలుగు ఆ గాలిలో ఎవరికి వినపడుతుంది?”

ఎరకనాయకుడికి అప్పుడు కలిగింది పశ్చాత్తాపం కాదు. తాను రాయి దాచగలిగితే, అతడు ఓడనే ఇవ్వగలిగాడు. తాను తప్పు చేస్తే, దానిని కప్పిపుచ్చే ఘనత కూడా అతడికే దక్కింది. ఇక ఇతడిని దేనిలోనూ దాటలేను కదా అని ఆయన పళ్లు కొరికాడు. వెనుదిరిగి ఇంటికి వెళ్లిపోయాడు.

కార్తిక బహుళ ఏకాదశినాడు తెల్లవారుతూనే ఆకాశం రాగిరంగు పట్టింది. జాము గడిచేసరికి గాలి అందుకుంది, మధ్యాహ్నానికి కడలి లేచింది. మూడువేలమంది జనం కట్టకు లోపలివైపు దిబ్బల మీద గుమిగూడారు. మట్టికట్ట నిలిచిందిగాని ఉత్తరపు కొసన దూలాలు కదిలాయి. లేంగయ్య, ఆయన మనుషులు గండిలోకి దిగి, దూలాలకు వీపులు ఆనించి నిలబడ్డారు. చూసినవారికి ఆశ చచ్చిపోయింది. జనం చెదిరి, వరదకు ఎదురుపోతున్నామన్న స్పృహ కూడా లేకుండా పరుగెత్తసాగారు. లేంగయ్య ఏదో అరుస్తున్నాడు. ఆయన అన్నట్టే, ఆ గాలిలో ఒక్క ముక్క ఎవరికీ అందలేదు.

కట్టమీద నిలిచిన ఎరకనాయకుడు ఇదంతా చూస్తున్నాడు. తాను నోరు మెదపకపోతే చాలు, కట్ట పోతుంది, లేంగయ్య పోతాడు, పేరూ పోతుంది. ఆ తలపు ఆయనకు నిజంగానే వచ్చింది. మూడు అలలు వచ్చి విరిగేంతసేపు ఆయన మౌనంగా ఉన్నాడు. నాలుగవ అలకు, చంటిబిడ్డను చంకనెత్తుకుని పరుగెడుతున్న ఒక పట్టపు ఇల్లాలు నీళ్లలో పడింది, లేచింది, మళ్లీ పడింది. ఎరకనాయకుడు కట్ట దిగి ఆమెను ఒడ్డుకు లాగాడు. అప్పుడు, ఓడదొంగల నావల నడుమ ఒకనాడు మ్రోగిన ఆ గొంతు మళ్లీ మ్రోగింది.

“నిలవండి! నా బురుజు కూల్చండి! ఆ రాయి కట్టది. లేంగయ్య మీది ఈసుతో నేనే దాచాను. కూల్చండి!”

జనం నిలిచిపోయారు. ఆ మాటకు ఆశ్చర్యపోవడానికైనా వ్యవధి లేదు. గునపాలు పడ్డాయి, బురుజు కూలింది. బురుజునుండి గండిదాకా వరుసకట్టి రాయి చేతులు మార్చారు. వరుస చివర ఎరకనాయకుడు నిలిచి, ఒక్కొక్క రాయినీ రొమ్ములోతు నీళ్లలో ఉన్న లేంగయ్యకు అందించాడు. రాయి అందుకున్నప్పుడల్లా లేంగయ్య “ఇంకొకటి” అనేవాడు. తన బలగాన్ని ఒక్కొక్కరినే పైకి పంపించి తాను మాత్రం రాలేదు.

“పైకి రా, నేను దిగుతాను” అన్నాడు ఎరకనాయకుడు.

“నువ్వు దిగితే వీళ్లకు గొంతు ఎవరిస్తారు? ఇంకొకటి” అన్నాడు లేంగయ్య.

సూర్యాస్తమయ వేళకు మహాద్భుతం జరిగింది. గండికి అటూ ఇటూ కట్టముందర తాటిచెట్టంత లేచిన కడలి గండిదగ్గర మాత్రం లేంగయ్య రొమ్ముదాకా వచ్చి, గోడకు తగిలినట్టు ఆగి, వెనుకకు మరలింది. ఊరి బావులలో ఒక్క చుక్క ఉప్పునీరు చేరలేదు. వెలుగు ఇంకా మిగిలి ఉండగానే నీరు తీసింది. లేంగయ్య దూలాలకు వీపు ఆనించి, చేతులు ముందుకు చాచి నిలిచే ఉన్నాడు. ప్రాణం లేదు. రొమ్ముదాకా ఇసుక కూరుకుపోయి ఉంది. నలభైమంది పట్టి లాగినా ఆ దేహం కదలలేదు. మూడవనాటికి ఆ ఇసుక, ఆ దేహం ఏకశిల అయినాయి.

ఊరు గుమిగూడింది. పోలయ్య ముందుకు వచ్చి, “నాయకా, నీ గొంతువల్ల మేము బతికాం. నీ ఈసువల్ల ఆయన పోయాడు. నిన్ను ఏమని పిలవమంటావు?” అని అడిగాడు.

“ఏమని పిలిచినా, ఆయన తరువాతనే పిలవండి” అన్నాడు ఎరకనాయకుడు. “అబద్ధం ఆడను పోలయ్యా, ఈ మాట అనడం కూడా నాకు కష్టంగానే ఉంది. చావులోనూ నన్ను మించాడు” అని, కత్తి తీసి నేలమీద పెట్టి, కొండదారి పట్టాడు.

పన్నెండు సంవత్సరాలు ఆయన అదే పనిగా కొండకు పోయి, ఒక రాయి తలకెత్తుకుని వచ్చి, కట్టమీద పెట్టి, “లేంగయ్యా, ఇంకా నీమీద ఈసు ఉంది” అని చెప్పేవాడు. విన్నవారు మొదట అసహ్యించుకున్నారు, తరువాత జాలిపడ్డారు, ఆ పిమ్మట అలవాటుపడ్డారు. పదమూడవ యేట ఒక ఉదయం రాయి పెట్టి, అనవలసిన మాటకోసం లోపల వెదుకుకుంటే దొరకలేదు. ఎంత వెదికినా దొరకలేదు. ఆయన ఆ శిల ముందర కూలబడి, తల్లి పోయిననాడు కూడా ఏడవనివాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆనాడు ఊరివారే కొబ్బరిమట్టల పందిరి వేసి, ఆయన చేతనే తొలిపూజ చేయించారు. ముత్తెపురేవు పేరు క్రమంగా మరుగుపడి లేంగయ్యకట్ట అనే పేరు నిలిచింది.

నేటికీ ఆ గుడిలో మూలవిరాట్టు రొమ్ము పైభాగం మాత్రమే నేలమీద కనబడుతుంది. పాదాలు ఎంత లోతున ఉన్నాయో తవ్వి చూసినవారు లేరు. పూజారులు ఎరకనాయకుడి వంశంవారు. కార్తిక బహుళ ఏకాదశినాడు ఎక్కడెక్కడివారో రాయి ఒకటి పట్టుకుని వస్తారు. ఆ ఏడు తమ మనస్సు ఎవరిమీద ఈసుతో కాగిందో, ఆ మనిషి పేరు పైకి చెప్పి కట్టమీద రాయి పెడతారు. తోడికోడలి పేరు, తమ్ముడి పేరు, ఎదుటి అంగడివాడి పేరు చెబుతారు. ఆ పేరుగలవారు అక్కడే ఉంటే, రాయిని క్రింద నిలబడి అందించవలసినది వారే. నవ్వకూడదు, బదులు చెప్పకూడదు. “ఇంకొకటి ఉందా?” అని మాత్రం అడగవచ్చు. ఉందని చెప్పి సిగ్గుపడుతూ రెండవ రాయి తెచ్చుకున్నవారు ఏటా కనబడుతూనే ఉంటారు. ఆ కట్ట ఇప్పుడు రెండు నిలువుల ఎత్తు పెరిగింది.