రేగుపొదల పక్కన పొంగలి

ఒకానొక రాజ్యంలో ప్రతాపభూపతి అనే రాజుండేవాడు. తనంతటివాడు ఈ భూమ్మీదే లేడని ఆయన నమ్మకం. కొలువులోని కవులు ఆ నమ్మకానికి రోజూ నీళ్లు పోసి పెంచేవారు.

కోటతోటలో అక్కిరాజు అనే కొలువుకాడు రేగుపొదలు, పరికిపొదలు పెంచాడు. పుష్యమాసపు చలికి తోటంతా బోసిపోయినా ఆ మూల మాత్రం ఎర్రటి, నల్లటి పండ్లతో కళకళలాడేది. తెల్లవారేసరికి పికిలిపిట్టలు, గోరింకలు దిగి ఒకటే గోల!

ఒకనాడు రాజుగారి పట్టు ఉత్తరీయం రేగుముల్లుకి తగులుకుని పర్రున చిరిగింది.

"ఈ అడవికంపని రేపే పీకించండి!"

అక్కిరాజు పొదలకి అడ్డంగా నిలబడ్డాడు. "ముందు నన్ను పీకించండి ప్రభూ! చలికాలంలో పిట్టల నోట్లో మట్టి కొడతారా? ఇవి పోతే ఈ తోటలో పాటే ఉండదు."

"పిచ్చివాడా! పిట్టలు పాడేది నా కీర్తిని. కవులంతా చెబుతున్నారుగా!"

"అయితే రేపు పొద్దున్నే తమరు ఈ పొదలకి ఎదురుగా ఉన్న ఆ ఖాళీ జాగాలో నిలబడండి. పిట్టలు తమ దగ్గరికొస్తే నేను రాజ్యం వదిలిపోతాను. రాకపోతే ఈ పొదల జోలికి రాకండి."

"సరే, మూట సర్దుకో!" అన్నాడు రాజు.

అక్కిరాజు వెనక్కి తగ్గలేదు. నేరుగా వంటశాలకి పోయాడు. మేలుకొలుపు పాడాక కవులకి చక్కెరపొంగలి పెట్టడం ఆ కోటలో ఆచారం.

"రేపు ఆ పొంగలి గంగాళం పొదల పక్కన దించండర్రా," అని చెప్పొచ్చాడు.

తెల్లవారింది. రాజు ఖాళీ జాగాలో మీసం దువ్వుతూ నిలబడ్డాడు. చుట్టూ చేరి కవులు మేలుకొలుపు అందుకున్నారు. పిట్టలన్నీ పొదల మీదే వాలాయి. సరే, పిట్టలంటే పిట్టలు. మరి కవులకేమొచ్చింది? నెయ్యి వాసన తగిలేసరికి "రాజాధిరాజా!" అని పాడుతూనే ఒక్కొక్కరే గంగాళం వైపు జరిగారు. చలిలో రాజు ఒంటరిగా మిగిలాడు.

"మీరూనా!" అని గర్జించాడు. "ఆ పిట్టలకీ మీకూ తేడా ఏముందయ్యా?"

"ఉంది ప్రభూ," అన్నాడు అక్కిరాజు. "పిట్ట పండు తింటే ఎక్కడో ఒకచోట గింజ వేసి మొక్క మొలిపిస్తుంది. వీళ్లు ఇన్నేళ్లూ తిని ఏం మొలిపించారో అడగండి!"

కవులు నోట్లో ముద్ద మింగలేక, కక్కలేక నిలబడిపోయారు. వాళ్ల వాలకం చూసి రాజుకి కోపం పోయి నవ్వు ముంచుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి అక్కిరాజు మెడలో వేశాడు.

కవులకి మాత్రం గునపాలు ఇప్పించాడు.

"ఈ ఖాళీ జాగా నిండా రేగుమొక్కలు నాటండి. పొంగలి ఆ తర్వాతే!"