గాజమ్మ ఉప్పునీళ్లలో కాపురం పెట్టిన కథ

ఒకప్పుడు నీళ్ల పులుపూ చౌడూ కొలిచే పీహెచ్ ఎలక్ట్రోడ్‌ను మడి కట్టించి మరీ కాపాడేవారు. పట్టుగుడ్డతో తుడిచేవారు, శుద్ధజలంలో నిలబెట్టేవారు. ఉప్పు సోకనిచ్చేవారు కాదు.

ఆ రోజుల్లో సముద్రం పక్కన, రొయ్యల చెరువుల ఊళ్లో, నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్ ఒకటి ఉండేది. అక్కడ గాజమ్మ అనే ఎలక్ట్రోడ్ ఉండేది. సన్నటి కడ్డీ, కింది కొసన గోళీకాయంత గాజు బుడగ. ఆ బుడగే ఆమె నాలుక. నీళ్ల రుచి చూసి అంకె చెప్పేది. ఏడంటే మధ్యస్థం. తగ్గితే పులుపు, పెరిగితే చౌడు.

ల్యాబ్‌కు పెద్ద సోమసుందర్రావు. పని చేసేది నూకరత్నం. ఈ ఏర్పాటు ఒకప్పటిదే కాదు, ఇప్పుడూ ఉంది.

సోమసుందర్రావుకు శుభ్రం పిచ్చి. పరీక్ష కాగానే గాజమ్మను పట్టు రుమాలుతో మెరిసేదాకా రుద్దేవాడు. "ఆడదైనా అద్దమైనా తుడిస్తేనే అందం" అనేవాడు. ఇంట్లో ఆయన ఒక్క గ్లాసు తుడిచి ఎరగడు. రుద్దాక ఆమెను శుద్ధజలంలో నిలబెట్టేవాడు.

గాజమ్మ నాలుక రోజురోజుకీ చప్పబడింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఒకనాటి పొద్దున అప్పలకొండ తన చెరువు నీళ్లు సీసాలో తెచ్చింది. నీళ్లతో పాటు ఒక రొయ్య కూడా వచ్చింది.

గాజమ్మ రుచి చూసి, ఎంతోసేపు తడబడి, "ఆరున్నర" అంది.

"పులిసిపోయింది. సాయంత్రం చెరువంతా సున్నం చల్లేయ్" అని చెప్పి సోమసుందర్రావు భోజనానికి వెళ్లాడు. ఆయన భోజనంలో కునుకు కూడా కలిసి ఉంటుంది.

సీసాలోంచి రొయ్య పిలిచింది. "గాజమ్మా, నీళ్లు పులుపెక్కడమేంటి? చౌడెక్కి మాకు ఒళ్లు మండిపోతుంటే. ఇప్పుడు సున్నం కూడా పోస్తే చౌడు ఇంకా ముదిరి రేపటికి చెరువులో నా వాళ్లెవరూ మిగలరు."

గాజమ్మ బిక్కచచ్చిపోయింది. "నాకు రుచి తెలియడం లేదు. తోచింది చెప్పేశాను."

నూకరత్నం చేతిలో పని ఆపింది. "ఎన్నాళ్లనుంచే?"

"రుద్దడం మొదలైనప్పటినుంచి. రుద్దినప్పుడల్లా ఒళ్లు చిటపటలాడి అంకెలు చెదిరిపోతాయి. నాలుక మీద పాచి మాత్రం అలాగే ఉంటుంది."

"అదేం మాట, నేను కడుగుతున్నానుగా" అంది శుద్ధజలం. "నాలో మచ్చ లేదు, మట్టి లేదు, ఉప్పు లేదు."

"నీలో ఏమీ లేదు కాబట్టే నాలో ఉన్న ఉప్పంతా లాగేసుకున్నావు" అంది గాజమ్మ.



నూకరత్నం వాకిట్లోకి వెళ్లి కేకేసింది. "అప్పలకొండ పిన్నీ, సున్నం బస్తా విప్పకు. నాలుగు గంటలకు తాజా నీళ్లు పట్టుకురా. పొద్దుటివి అప్పటికి నిలవైపోతాయి, పనికిరావు."

"బాబుగారు చల్లమన్నారు కదమ్మా."

"రొయ్యలు బాబుగారివా, నీవా?"

అప్పలకొండ వాకిట్లో దింపుకున్న సున్నం బస్తా మీద కూర్చుంది.

నూకరత్నం పలచని ఆమ్లంలో గాజమ్మను కాసేపు ఉంచి పాచి వదలగొట్టింది. శుద్ధజలంతో ఒక్కసారి కడిగింది. తర్వాత అలమర అడుగునుంచి పొటాషియం క్లోరైడ్ ఉప్పునీళ్ల సీసా తీసింది.

"నేను మైలపరుస్తానని అయ్యగారు దూరం పెట్టారు" అంది ఉప్పునీరు. "రా తల్లీ. నా దగ్గర ఉప్పు నిండుగా ఉంది. నీది లాక్కోవాల్సిన గతి నాకు లేదు."

నాలుగయ్యేసరికి గాజమ్మ నాలుకకు రుచి తిరిగొచ్చింది. అయినా నూకరత్నం వెంటనే నమ్మలేదు. అంకె మారకుండా నిలబడే రెండు బఫర్ ద్రావణాలను పిలిచింది. ఒకదాని పేరు ఏడు, రెండోదాని పేరు పది.

"గడువు తేదీ దాటేదాకా మా మాట మారదు" అన్నాయవి. మనుషులు అంతమాత్రం కూడా చెప్పరు. గాజమ్మ రెండింటినీ రుచి చూసి తన లెక్క సరిచేసుకుంది.

అప్పలకొండ తాజా నీళ్లు తెచ్చిచ్చి మళ్లీ బస్తా మీద కూర్చుంది. గాజమ్మ ఆ నీళ్లలో మునిగింది. తొందరపడలేదు. అంకె కుదురుకున్నాక, "తొమ్మిదింబావు" అంది.

అప్పలకొండ బస్తా మీదనుంచి లేచింది. "తూము తీయిస్తాను, కొత్త నీళ్లు పెడతాను" అని రొయ్యను తీసుకుని వెళ్లిపోయింది.

సోమసుందర్రావు అప్పుడే వచ్చాడు. అంకె చూశాడు. "నేను రోజూ తుడవబట్టి ఇంత కచ్చితంగా చెప్పింది" అన్నాడు. జేబులోంచి రుమాలు తీశాడు.

"రుద్దితే రేపు మళ్లీ ఆరున్నరే చెబుతాను" అంది గాజమ్మ.

ఆయన రుమాలుతో తన మొహం తుడుచుకున్నాడు. నూకరత్నం గాజమ్మను కడిగి, మెత్తటి కాగితంతో తడి అద్ది, ఉప్పునీళ్లు నింపిన మూత తొడిగింది.

అప్పటినుంచే ఎలక్ట్రోడ్ ఉప్పునీళ్లలో కాపురం చేస్తోంది. శుద్ధజలం వచ్చి ఒళ్లు కడిగి పోతుంది, అక్కడ ఉండిపోదు. అద్దితే నిజం చెబుతుంది. రుద్దితే మాత్రం, ఎంత పెద్దవాడు రుద్దినా సరే, ఈనాటికీ తప్పే చెబుతుంది.