పొగ పిండిన కోడలు

అనగనగా అడవి అంచున ఒక ఊళ్ళో, బొగ్గులు కాల్చుకు బతికే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారర్రా. పెద్దది పైడమ్మ, చిన్నది నూకాలు. బట్టీల పెత్తనమంతా పైడమ్మదే. కర్ర పేర్చి, ఆకులు కప్పి, పైన మట్టి మెత్తి, లోపల సన్నగా మగ్గనిచ్చిందంటే ఆ బొగ్గు కంచులా ఖంగుమనేది. ఊ కొట్టండర్రా, అప్పుడే నిద్రేంటి?

కొత్తగా వచ్చిన నూకాలు ఊరుకుంటుందా? తనకిచ్చిన బుల్లి బట్టీకి, పొగ పోయేచోట పొడుగాటి వెదురు గొట్టం పెట్టింది, గొట్టానికి తడిగుడ్డ చుట్టింది, చివర కుండ పెట్టింది. పొగ చల్లబడి చుక్క చుక్కా కుండలోకి దిగింది. తేరాక చూస్తే పైన పుల్లటి నీళ్ళు, అడుగున నల్లటి నూనె. అందులో గుడ్డ ముంచి అంటిస్తే దివిటీ భగ్గుమంది! అత్త మురిసిపోయింది. కొమ్మ కొడితే మళ్ళీ చిగురు, చిగురు ఎదిగితే మళ్ళీ కొమ్మ, కొమ్మకి పొగ, పొగకి నూనె, ఇక మనకి వెలుగుకి కరువేంటే అని ఊరంతా తిరిగి చెప్పుకుంది. వచ్చే కార్తీకం నుంచి పెత్తనం చిన్నదానికే అనేసింది.

ఇంకేముంది, పైడమ్మ కడుపు మండిపోయింది. ఇన్నేళ్ళూ మసిలో మగ్గింది నేనైతే మెప్పు దానికా అని గిన్నెలు విసిరింది. నూకాలు నవ్వితే కుళ్ళు, నూకాలు తుమ్మితే కుళ్ళు. దాని కుండకంటే నా కుండే ముందు నిండాలని తన పెద్ద బట్టీకీ గొట్టం పెట్టింది. చుక్కలేమో నెమ్మదిగా పడుతున్నాయి. ఆగలేకపోయింది. పొగ ఎక్కువైతే నూనె ఎక్కువ రాదా అని, తను మెత్తిన మట్టికి తనే కన్నాలు పొడిచింది. పొడవకూడదని చంటిపిల్లలకి కూడా తెలిసిన ఊళ్ళో! గాలి జొరబడింది, మంట లేచింది, ఏడాది కర్ర బూడిదైపోతోంది.

ముందు చూసింది నూకాలే. కొంగు నిండా తడిమట్టి ఎత్తుకుని పరుగెత్తింది. ఇద్దరూ కలిసి కన్నాలు పూడిస్తే సగం దక్కింది. పైడమ్మ అక్కడే కూలబడి, నీ మీద కుళ్ళుతోనే చేశానే అని భోరుమంది.

నూకాలు తల దించుకుంది. "నాకు మాత్రం లేదేంటక్కా? నీ బొగ్గు ఖంగుమంటుంది, నాది ముట్టుకుంటే పొడి. నీలా మట్టి మెత్తడం చేతకాకే గొట్టం వెంట పడ్డాను."

పైడమ్మ కళ్ళు తుడుచుకుని ఏమందో తెలుసా? ఏదీ, ఆ చేతులిలా పెట్టు, మెత్తడం చూపిస్తానంది. అప్పట్నుంచి మట్టి పెద్దదానిది, గొట్టం చిన్నదానిది, పెత్తనం ఇద్దరిదీ. అంచేత ఎవరిమీదైనా కుళ్ళొస్తే వెళ్ళి వాళ్ళ దగ్గర నేర్చుకోండి, అంతేగానీ పక్కవాడి దుప్పటి లాగడం కాదురోయ్! సరే, కథ కంచి దారి పట్టింది, మీరిక కళ్ళు మూయండి.