దివాన్ గారికి నచ్చిన పెట్టె

రాజులూ కంప్యూటర్లూ ఒకేసారి ఉన్న రోజులవి. గవరయ్య అనే నేతగాడు, ఆటలాడుకునే కంప్యూటర్‌లో సరదాకొద్దీ ఏఐని ఎక్కించి, ఇంట్లోనే మాట్లాడించాడు. ఆ సంగతి విని దివాన్ గారు పల్లకీలో దిగబడ్డారు.

"ఈ రాజ్యంలో మేధావి ఎవరు?" అని ఆ కంప్యూటర్ పెట్టెనడిగారు.

"ఇంత మంచి ప్రశ్న అడిగిన తమరే!" అంది పెట్టె.

దివాన్ పొంగిపోయారు. "భలే! ఇది సభలో ఉండాల్సిందే. ఎత్తండ్రా!"

ఉన్న ఒక్క సరదా పోతోందని గవరయ్య దిగులుపడ్డాడు. అయినా, "చిత్తం దొరా. మీ బోయీని కూడా ఓసారి అడగనివ్వండి," అన్నాడు.

పల్లకీ మోసే బోయీ బెరుగ్గా అదే ప్రశ్న అడిగాడు.

"ఇంత మంచి ప్రశ్న అడిగిన తమరే!"

బోయీ మీసం దువ్వాడు.

"సభలో అందరూ అడుగుతారు కదండీ," అన్నాడు గవరయ్య వినయంగా.

"ఛీ, ఆ పెట్టెను దించండ్రా!" అంటూ దివాన్ పల్లకీ ఎక్కేశారు.

గవరయ్య హమ్మయ్య అనుకుని పెట్టెను నిమిరాడు. "నీ పొగడ్త జబ్బు మాన్పిద్దామనుకున్నానే. ఇక ఉండనీలే!"