పేలని తూటా

ఓబులేసు కొట్టిన దుప్పి పడలేదు. వెనక కాలు ఈడ్చుకుంటూ అడివిలోకి పోయింది.

నెత్తుటి చుక్కలు పట్టుకుని పొద్దుగూకేదాకా వెతికాడు. ముళ్లపొదలు దాటాక రాతినేల వచ్చింది. అక్కడినుంచి చుక్కలు కనిపించలేదు. ఆ రోజునుంచి అతనికి అన్నం సయించడం లేదు.

లైసెన్సు తుపాకితో పంటకు కావలి కాసే రోజులవి. నల్లమల అంచున ఉన్న ఆ ఊళ్లో జొన్న పాలుపట్టే వేళకు దుప్పుల మంద దిగేది. ఓబులేసు తండ్రి ఏటా ఒకదాన్ని పడేసేవాడు. మిగతావి బెదిరి, కోత అయ్యేదాకా మళ్లీ ఆ దిక్కుకు వచ్చేవి కావు. తండ్రి పోయాక తుపాకీ, కావలీ రెండూ ఓబులేసు మీద పడ్డాయి.

ఈ ఏడు మంద బెదరలేదు. చేలు సగం బోసిపోయాయి. ఊరిపెద్ద సుంకిరెడ్డి ఓపిక పట్టీ పట్టీ చివరికి ఒక పురుగుమందు డబ్బా తెచ్చాడు.

“శుక్రవారం దాకా చూస్తాన్రా. నీతో కాకుంటే ఇది తీసుకపోయి వాగు చెలమలో పోసేస్తా.”

“మామా, ఆ నీళ్లు దుప్పులే తాగుతాయా? నెమళ్లు తాగుతాయి, కుందేళ్లు తాగుతాయి. అడివంతా ఆడికే వస్తాది గదా.”

“నాకు తెలీదనుకున్నావా? మా పిల్లోళ్లు ఏం తినాల్నో నువ్వే చెప్పు.”

సుంకిరెడ్డి చెడ్డవాడేం కాదు. ఆ మాట అంటూ ఓబులేసు ముఖంలోకి చూడలేకపోయాడు.

ఓబులేసు తుపాకి భుజాన వేసుకుని కొండకింది దర్గాకు నడిచాడు. దర్గా పక్క గుడిసెలో ఖాసింవలీ ఉంటాడు. ఒకప్పుడు పేరుమోసిన వేటగాడు. కళ్లు మసకబారాక వేట మాని, దర్గాలో దీపం పెట్టుకుంటూ నాలుగు మేకలు మేపుకుంటున్నాడు. ఓబులేసుకు తుపాకి పట్టుకోవడం నేర్పింది ఆయనే. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. తుపాకి మోతలకు ఆయన ఎడమ చెవి పోయింది. నచ్చని మాట ఎవరైనా ఎత్తుకుంటే సరిగ్గా ఆ చెవే వాళ్లవైపు తిప్పుతాడు.

“ఉస్తాద్, నాకింకా గట్టి తూటా కావాల. ఎక్కువ మందు దట్టించింది. ఇప్పుడున్న దానికి దుప్పి పడలేదు.”

ఉస్తాద్ ఎడమ చెవి తిప్పాడు. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తాగాడు. సాసరు కింద పెట్టి, “చొక్కా తీయి బేటా,” అన్నాడు.

ఓబులేసు కుడి భుజం కమిలి నల్లబడి ఉంది.

“నువ్వు కొట్టింది దుప్పినా, నీ భుజాన్నా?”

“తన్నని తుపాకి ఉంటాదా ఉస్తాద్? మా నాయన దీంతోనే పులిని కొట్టినాడు.”

“అవు. ఆ పులిని భుజానేసుకుని ఊళ్లోకి తెచ్చింది గూడా ఆయనే. నువ్వు మీ ఇంట్లో జొన్నల మూట ఎప్పుడన్నా ఒక్కడివే ఎత్తినావా?”

ఓబులేసుకు రోషం వచ్చింది. అతను సన్నగా, పొట్టిగా ఉంటాడు. ఆ సంగతి ఊరంతా అనగా అనగా విన్నదే. అందుకే ఆ తుపాకిని అందరికీ కనబడేట్టు మోసుకు తిరిగేవాడు. దాన్ని చూసినవాళ్లు ముందు తండ్రిని తలుచుకుంటారు, ఆ తర్వాతే తనను చూస్తారని అతని ధైర్యం.

ఉస్తాద్ లేచాడు. “ఏదీ, ఒకటి కొట్టి చూపించు,” అన్నాడు. ఓబులేసు సంచిలో ఉస్తాదే చెయ్యి పెట్టి ఒక తూటా తీసి, అటు తిరిగి తుపాకిలో తానే పెట్టాడు. దూరంగా రాతి మీద ఒక పిడకను నిలబెట్టించాడు.

ఓబులేసు తుపాకి మడమను భుజానికి అదుముకున్నాడు. పళ్లు బిగించాడు. ట్రిగ్గర్ నొక్కాడు.

టక్కుమంది. తుపాకి పేలలేదు. కానీ దాని గొట్టం గభాలున నేలకు వంగింది. ఓబులేసు భుజం ముందుకు పొడుచుకొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుపోయి ఉన్నాయి. కళ్లు తెరిచేసరికి తుపాకి తన కాళ్ల ముందరి మట్టిని చూస్తోంది.

ఉస్తాద్ తుపాకి తెరిచి తూటా బయటికి లాగాడు. అది ఎప్పుడో కాల్చేసిన ఖాళీ గొట్టం.

“ఇందులో మందు లేదు. గుండు లేదు. మరి నిన్ను తన్నిందెవరు?”

ఆ రోజు చేలో జరిగింది ఓబులేసు కళ్లముందు కనబడింది. దుప్పి కదలకుండా నిలబడే ఉంది. గురీ సరిగ్గానే ఉంది. తూటా వెళ్లిపోయిన క్షణంలో తాను కళ్లు మూసుకునే ఉన్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఉస్తాద్ గుడిసెలోంచి ఒక పాత పెట్టె లాక్కొచ్చాడు. అందులో నూనెగుడ్డ చుట్టిన తుపాకులు రెండున్నాయి. ఓబులేసు రెండింటినీ ఎత్తి చూసి చిన్నదాన్ని తీసుకున్నాడు. దాని తూటా చిటికెనవేలి గోరంత లావుంది.

“ఇది అసలు తన్నదు గదా ఉస్తాద్? ఇదియ్యండి చాలు.”

“అది కుందేలుకు,” అని ఉస్తాద్ దాన్ని లాక్కున్నాడు. “దాంతో దుప్పిని కొడితే మళ్లా గాయం చేసి పంపిస్తావు. నీ భుజానికి సుఖంగా ఉంటే సరిపోయిందా? దానికి నొప్పి తెలీకముందే పడిపోవాల గదా.”

రెండోదాన్ని ఓబులేసు చేతికిచ్చాడు. సన్నటి రైఫిలు. తూటా పొడుగ్గా, కొనదేరి ఉంది. తండ్రి తూటా పక్కన పెడితే దాంట్లో సగం లావు కూడా లేదు. ఓబులేసుకు అనుమానం తీరలేదు.

“ఇంత సన్నదానికి దుప్పి పడతాదా?”

“ముందరి కాలు వెనక, పిడికిలంత చోటుంది. ఆడ తగిలితే పడతాది. తగలకుంటే మీ నాయన తుపాకికి గూడా పడదు. చూసినావు గదా.”

“మీరు ఏం తుపాకితో కొట్టేవారు ఉస్తాద్?”

ఉస్తాద్ నవ్వి, ఆ సన్న రైఫిలు మడమ మీద చేత్తో రాశాడు. అక్కడ కొయ్య అరిగి నున్నగా అయ్యింది. ఇన్నేళ్లూ ఈ అడివిలో ఆయన గురించి చెప్పుకున్న కథలన్నిట్లోనూ ఓబులేసు ఒక పెద్ద తుపాకిని ఊహించుకున్నాడు.

శుక్రవారం దాకా ఓబులేసు అక్కడే ఉండిపోయాడు. ఉస్తాద్ ప్రతిసారీ అటు తిరిగి తుపాకి నింపేవాడు. ఒకసారి అసలు తూటా, ఒకసారి ఖాళీది. ఏది ఎప్పుడో ఓబులేసుకు తెలిసేది కాదు. రైఫిలు పేలితే భుజాన్ని ఎవరో స్నేహంగా తట్టినట్టుండేది. పేలనప్పుడు మాత్రం గొట్టం వంగేది. మొదట బాగా వంగేది, తర్వాత కొంచెం వంగేది. ఇక నిలిచిందనుకుంటుండగా కాలు ఈడ్చుకుంటూ పోయిన దుప్పి గుర్తొచ్చేది. మళ్లీ వంగేది.

“నాతో కాదు ఉస్తాద్,” అన్నాడొకసారి, ఏడుపు ఆపుకుంటూ.

ఉస్తాద్ ఎడమ చెవి తిప్పి, ఇంకో తూటా పెట్టిచ్చాడు.

శుక్రవారం తెలవారుతుండగా ముగ్గురూ వాగు గట్టున జిల్లేడు పొదల వెనక కూర్చున్నారు. మూడోవాడు సుంకిరెడ్డి. తువ్వాల్లో చుట్టిన డబ్బా ఆయన ఒళ్లో ఉంది. ఉస్తాద్ అటు తిరిగి రైఫిలు నింపి ఓబులేసు చేతిలో పెట్టాడు.

జొన్నచేను కదిలింది. మంద ఒక్కొక్కటిగా చెలమకు దిగింది. అన్నిటికంటే వెనక ఒక మగదుప్పి కుంటుకుంటూ వచ్చింది. దాని వెనక కాలు నేలకు ఆనడం లేదు. తొడ మీద పుండు, పుండు మీద ఈగలు.

ఓబులేసు రైఫిలు ఎత్తి భుజానికి ఆనించాడు. “అదే,” అన్నాడు, ఎవరికీ వినబడకుండా.

అది చెలమ దగ్గర ఆగి, పక్కకు తిరిగింది. ఓబులేసు దాని ముందరి కాలు వెనక పిడికిలంత చోటు చూశాడు. దాన్ని తప్ప ఇంకేమీ చూడలేదు. మెల్లగా నొక్కాడు.

టక్కుమంది.

రైఫిలు గొట్టం కదల్లేదు. దాని కొన ఆ పిడికిలంత చోటు మీదే నిలిచి ఉంది. ఓబులేసు కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

సుంకిరెడ్డి నోరు తెరిచాడు. ఉస్తాద్ చెయ్యి వెళ్లి ఆ నోటిని మూసింది. చెలమ దగ్గర దుప్పులు తలలెత్తి, చెవులు రిక్కించి చూశాయి. కుంటి దుప్పి మటుకు దప్పిక ఆపుకోలేక మళ్లీ నీళ్లలో మూతి పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి మిగతావీ తలలు దించాయి.

ఉస్తాద్ ఇంకో తూటా తీశాడు. ఈసారి అటు తిరగలేదు. ఓబులేసు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు. ఓబులేసు చప్పుడు కాకుండా పేలనిదాన్ని ఇసుకలోకి జార్చి, దీన్ని రైఫిల్లోకి తోసి, మళ్లీ అదే చోటు చూశాడు.

ఈసారి పేలింది. దుప్పి నిలబడిన చోటే పడిపోయింది. కాలు కూడా కొట్టుకోలేదు. మంద కొండెక్కి, రాళ్లు దొర్లిస్తూ అవతలికి దిగిపోయింది.

ఓబులేసు వెళ్లి దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పుండు మీది ఈగలను చేత్తో తోలాడు. అప్పుడు ఏడ్చాడు. ఎవరన్నా చూస్తారన్న బాధ కూడా లేకుండా, హాయిగా ఏడ్చాడు.

సుంకిరెడ్డి మాత్రం ఉస్తాద్ మీద విరుచుకుపడ్డాడు.

“ముసిలోడివైనావు, తూటా మంచిదో కాదో చూసి పెట్టొద్దా సాయిబూ? మొదటిది ఎందుకు పేలలేదు? ఆ సప్పుడుకు మంద లేసిపోయింటే నా చేను గతేం కావాల?”

ఉస్తాద్ కుడి చెవి అటు తిప్పి ఆ మాటలన్నీ విన్నాడు.

“మొదటిది వీడి కోసం పెట్టింది,” అన్నాడు. “రెండోది దుప్పికి.”

సుంకిరెడ్డికి ఏమీ అర్థం కాలేదు. ఓబులేసు తలెత్తి ఉస్తాద్ వైపు చూసి, లేచి పొదల దగ్గరికి పోయి ఇసుకలో పడి ఉన్న ఖాళీ తూటాను ఏరుకుని జేబులో వేసుకున్నాడు.

ఉస్తాద్ చెలమ దగ్గరికి దిగి చేతులు కడుక్కున్నాడు. కలకబారిన నీళ్లు తేరుకునేదాకా గొంతుక్కూర్చుని ఆగాడు. రెండు దోసిళ్లు తాగి, గడ్డం తుడుచుకుని, గట్టు మీదికి చూశాడు.

“తియ్యగుండాయి. దిగిరా రెడ్డీ, నువ్వూ తాగుదువు.”

సుంకిరెడ్డి తన చేతిలోని డబ్బాను చూసుకున్నాడు. చుట్టూ చూశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి అంతదూరం వెనక్కి నడిచి వెళ్లి, బండి బాట పక్కన పెట్టి, చేతులకు మట్టి రుద్దుకుని మరీ వచ్చాడు.

చెలమ దగ్గర కూర్చున్న ఓబులేసు పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు.